మేరీ క్రిస్టఫర్ బేకరీ కోసం ఉపవాస ప్రార్థన

ముందుగా, ఈ నాలుగు మాటలు రాయడానికి చేతికి సత్తువా, నవ్వుకోవడానికి మనసుకి కాస్త చోటూ ఇచ్చిన దేవునికి స్తోత్రం. నా తెలివివల్ల నా జీవితంలో జరిగిన మంచిని వేళ్ళమీద చెప్పేయొచ్చు. నా తెలివితక్కువతనాన్ని పట్టుకుని ఆయన చేసిన మంచికి మాత్రం అంతు లేదు. అందులో ఒకటి ఇది. చదివి నవ్వండి, నేనేమీ అనుకోను. మహిమ మాత్రం ఆయనకే చెందనివ్వండి.

ఆ రోజుల్లో మావంటి విశ్వాసుల ఇళ్ళలో పాపాలకి ఒక వరస ఉండేది. అబద్ధం పాపమే, అసూయ పాపమే, కానీ సినిమా దగ్గరికి వచ్చేసరికి పెద్దవాళ్ళ గొంతు మారిపోయేది. ఒంగోలు పక్క మా ఊళ్ళో మా నాన్న మిషన్ బడి మాస్టారు, సంఘపెద్ద కూడా. మా ఇంట్లో టీవీ లేదు. మా నాయనమ్మ దాన్ని "సాతాను పెట్టె" అనేది (పక్కింటి కిటికీ దగ్గర నిలబడి వార్తలు మాత్రం చూసేది, వార్తల్లో సాతాను ఉండడని ఆవిడ నమ్మకం). అలాంటి ఇంట్లో పెరిగి, ఇరవై నాలుగేళ్ళకి ఉద్యోగం పేరుతో అరిజోనాలోని చాండ్లర్ చేరాను. ఆఫీసులో నా పని ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడం. నా తప్పులు పట్టే పని దేవుడు పెద్దాంటీకి అప్పగించాడు.

పెద్దాంటీ అంటే నేను అద్దెకున్న ఇంటావిడ. ఖమ్మం వైపు మనిషి. అంకుల్ ప్రభువు దగ్గరికి వెళ్ళి అప్పటికే ఏడెనిమిదేళ్ళు. ఒక బడి వంటగదిలో పిల్లలకి మధ్యాహ్నం భోజనాలు వడ్డించే ఉద్యోగం చేసేది. మా సంఘంలో చిన్నా పెద్దా అందరికీ ఆవిడ పెద్దాంటీయే. "ప్రైజ్ ది లార్డ్" అని మనం అంటే తిరిగి "ప్రైజ్ ది లార్డ్, తిన్నవా బిడ్డా?" అనేది, రెండూ కలిపి ఒకే పలకరింపులాగా. షుగర్ ఉంది. మాత్రలు వేసుకుని పూటపూటకీ వేళకి తినాలి. ఇది గుర్తుపెట్టుకోండి, తరవాత నా మెడకి చుట్టుకుంటుంది.

నా గదిలో అంతకుముందు ఉన్న అమ్మాయి ఒక టీవీ వదిలేసి వెళ్ళింది. మొదటి రెండు నెలలూ దానిమీద శాలువా కప్పి, పైన బైబిల్ పెట్టి కాపాడుకున్నాను. నవంబరు నెలలో ఒకరోజు వాతావరణం చూద్దామని శాలువా తీశాను (చాండ్లర్‌లో వాతావరణం చూడాల్సిన పని ఎవరికీ ఉండదు, రోజూ ఎండే. ఈ సంగతి నాకు అప్పటికే తెలుసు). ఆ పెట్టెలో ఒక ఛానల్లో పొద్దస్తమానం క్రిస్మస్ సినిమాలే. మంచు కురిసే చిన్న ఊరు. ఆ ఊళ్ళో అమ్మమ్మ కాలంనాటి బేకరీ. ముక్కుమీద పిండి అంటుకున్న అమ్మాయి. ఆ బేకరీని పడగొట్టి హోటల్ కట్టడానికి పట్నం నుంచి పొడుగు కోటు వేసుకుని వచ్చే అబ్బాయి. మూడు చూసేసరికి నాకు సంగతి అర్థమైంది: సినిమా ఒకటే, స్వెటర్లే వేరు. అయినా నాలుగోది చూశాను. ఐదోదీ చూశాను. "ఇవి సినిమాలు కావు, క్రిస్మస్ కార్యక్రమాలు" అని మనస్సాక్షికి నచ్చజెప్పాను. ఎవరూ తాగరు, తాగితే వేడి చాక్లెట్. ముద్దు ఒక్కటే, అదీ ఆఖర్న. అప్పుడు కళ్ళు మూసుకునేదాన్ని (కొన్నాళ్ళకి ఒక కన్నే).

గోడ అవతల పెద్దాంటీ వంటగది. శబ్దం వినిపిస్తుందని టీవీని మ్యూట్ చేసి, కింద వచ్చే అక్షరాలు చదువుకుంటూ చూసేదాన్ని. ఇంత జాగ్రత్తపరురాలిని ఎలా దొరికిపోయానో చెప్పాలంటే మా ఫోన్ ప్రార్థన గురించి చెప్పాలి.

వారానికి ఐదు రోజులు సాయంత్రం కాలిఫోర్నియా టైము ఆరింటికి ఫోన్‌లో కాన్ఫరెన్సు ప్రార్థన జరిగేది. అరిజోనాలో గడియారాలు ముందుకీ వెనక్కీ తిప్పరు, కాలిఫోర్నియా వాళ్ళు తిప్పుకుంటారు. కాబట్టి శీతాకాలంలో వాళ్ళ ఆరు మాకు ఏడు. నడిపించేది శాన్ రామన్‌లో కొడుకు దగ్గర ఆర్నెల్లు ఉండటానికి వచ్చిన ఒక పెద్దాయన. రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యారు. అందరం గార్డు అంకుల్ అనేవాళ్ళం. ప్రార్థనని బండి నడిపినట్టే నడిపేవారు. సరిగ్గా ఆరింటికి "బయలుదేరుతున్నాం" అనేవారు, ఆలస్యంగా వచ్చినవాళ్ళని "పరిగెత్తి ఎక్కారా అమ్మా?" అనేవారు. ప్రార్థన విన్నపాలన్నీ ఒక నోటు పుస్తకంలో పేర్లతో రాసుకుని, స్టేషన్ల వరసలో చదివేవారు. లైన్లో నలభై మంది దాకా ఉండేవాళ్ళం. ప్రార్థించేవాళ్ళు తప్ప మిగతా అందరూ ఫోన్‌లో నక్షత్రం గుర్తూ, ఆరూ నొక్కి మ్యూట్‌లో ఉండాలని కట్టడి. మళ్ళీ నొక్కితే మ్యూట్ పోతుంది. తూర్పు దేశపు జ్ఞానులకి నక్షత్రం దారి చూపింది. నన్ను నక్షత్రమే ముంచింది.

ఇంకొక మాట, నాకు ఇప్పటికీ చెప్పడానికి సిగ్గుగా ఉండేది. ఆ నవంబరులోనే మా మేనేజరు నన్ను గదిలోకి పిలిచి, మా ప్రాజెక్టు క్రిస్మస్ నాటికి మూసేస్తున్నారనీ, వేరే ఉద్యోగం చూసుకోమనీ మర్యాదగా చెప్పాడు. ఉద్యోగం పోతే వీసాకి మిగిలేది కొద్ది రోజులు. ఈ సంగతి నాన్నకి చెప్పలేదు, పెద్దాంటీకి చెప్పలేదు. నాన్న మా సంఘంలో "మా అమ్మాయికి దేవుడు తలుపు తెరిచాడు" అని సాక్ష్యం చెప్పి ఇంకా ఏడాది కాలేదు, ఆ తలుపు మూసుకుంటోందని ఏ నోటితో చెప్పను? గార్డు అంకుల్ రోజూ పేరుపేరునా అడిగేవారు, "చాండ్లర్ అమ్మాయీ, నీ విన్నపం ఏమైనా ఉందా?" అని. నేను రోజూ ఒకటే జవాబు: "ఏం లేదండీ అంకుల్, స్తుతులు మాత్రమే."

ఆ సాయంత్రం సినిమా ఆరింటికి మొదలైంది. ఏడయ్యేసరికి సరిగ్గా కన్నీళ్ళ దగ్గరికి వచ్చింది. ఒక చేత్తో ఫోన్ పట్టుకుని ప్రార్థనలోకి ఎక్కాను, నక్షత్రం ఆరు నొక్కాననే అనుకున్నాను. తెరమీద ఆ అమ్మాయి బేకరీ తలుపుకి తాళం వేసి, అమ్మమ్మ ఏప్రాన్ గుండెకి అదుముకుని, మంచులో కూర్చుండిపోయింది. నాకు ఎక్కడినుంచి వచ్చిందో ఏడుపు, తన్నుకొచ్చింది. ఎక్కిళ్ళు పెట్టి, "అయ్యో ప్రభువా, ఆ పిల్ల బేకరీ మూసేస్తున్నారే! ఇంకెక్కడికి పోతుందే!" అని పైకే అనేశాను.

ఫోన్‌లో గార్డు అంకుల్ ఎవరి మోకాలి ఆపరేషన్ గురించో ప్రార్థిస్తున్నవారు ఆగిపోయారు.

"ఎవరమ్మా ఏడుస్తున్నది?"

దేవాలయంలో పెదవులు మాత్రం కదిలించి, స్వరం వినిపించకుండా ఏడ్చిన ఆ తల్లిని చూసి యాజకుడు తాగి ఉందనుకున్నాడని మనం బైబిల్లో చదువుకున్నాం కదా. ఆవిడకి కనీసం మ్యూట్‌లో ఉండటం తెలుసు. నేను మ్యూట్ చేయవలసిన ఫోన్‌ని వదిలేసి, చేయనక్కర్లేని టీవీని చేసుకుని కూర్చున్నాను.

"నేనేనండీ, చాండ్లర్ నుంచి," అన్నాను.

"బేకరీ ఎవరిదమ్మా?"

గోడ అవతల గరిటె చప్పుడు కూడా ఆగిపోయింది. పెద్దాంటీ కూడా లైన్లోనే ఉంది. 'సినిమా చూస్తున్నానండీ' అన్న రెండు ముక్కలు అనడానికి సిగ్గేసింది. "నాకు తెలిసిన ఒకమ్మాయిదండీ," అన్నాను. "క్రిస్మస్ లోపల ఖాళీ చేయాలట. ఆ స్థలంలో హోటల్ కడతారట."

"పేరు చెప్పమ్మా, రాసుకుంటాను."

"పేరెందుకులెండి అంకుల్, దేవునికి తెలుసు కదా."

"దేవునికి తెలుసమ్మా. చార్టు రాసేది నేను. పేరు లేకుండా బెర్తు ఎలా ఇవ్వను?"

దిక్కుతోచక టీవీ వైపు చూశాను. బేకరీ అద్దం మీద ఎర్రటి అక్షరాలు: మెర్రీ క్రిస్మస్.

"మేరీ," అన్నాను.

"ఇంటిపేరు?"

"క్రిస్..." అని నాలిక కరుచుకుని, "టఫర్" అని పూర్తిచేశాను.

"మేరీ క్రిస్టఫర్," అని నెమ్మదిగా పలుకుతూ రాసుకున్నారు. "చక్కటి విశ్వాసి పేరు. పట్టుదలగా ప్రార్థిద్దాం."

అలా ఒక అబద్ధానికి రిజర్వేషన్ అయిపోయింది.

అబద్ధంతో చిక్కేమిటంటే, దానికి రోజూ మేత వేయాలి. మర్నాటి నుంచి గార్డు అంకుల్ "మేరీ సిస్టర్ పరిస్థితి ఎలా ఉంది?" అని అడగడం, నేను ఆ పూట చూసిన సినిమాలోంచి ఒక ముక్క తీసి చెప్పడం. లేకపోతే నేనే ఏదో కల్పించాలి, కల్పించడం అబద్ధం కదా (ఈ వాదం ఇప్పుడు రాస్తుంటే నాకే నోట మాట రావడంలేదు). సన్నీవేల్‌లో ఒక సిస్టర్ ఉండేవారు, ఆవిడ ప్రార్థన మొదలుపెడితే మన ఫోన్ వేడెక్కేది. హోటల్ కంపెనీ తరఫున వచ్చిన పొడుగు కోటు అబ్బాయి గురించి చెప్పగానే ఆవిడ అందుకున్నారు: "ప్రభువా, ఆ కోటువాడి పన్నాగాలు పటాపంచలు చెయ్యి! వాడు వచ్చిన దారినే వాణ్ణి వెనక్కి పంపు! వాడి కారు టైర్లలో గాలి ఉండకూడదు తండ్రీ!" నలభైమందీ మ్యూట్ తీసి ఆమేన్ అన్నారు. నేనూ అన్నాను. అనకపోతే అనుమానం వస్తుంది.

తీరా మర్నాడు చూద్దును కదా, మంచు తుఫానుకి అతని విమానం రద్దయి అబ్బాయి ఆ ఊళ్ళోనే చిక్కుకుపోయాడు. చిక్కుకున్నవాడు బేకరీలో చెయ్యి వేశాడు. చెయ్యి వేసినవాడు మనసు పడ్డాడు. ఇక్కడ సన్నీవేల్ సిస్టర్ చూస్తే అతన్ని నిప్పుల్లో వేసేలా ఉన్నారు. చివరికి వాళ్ళిద్దరికీ పెళ్ళి కుదరాలి కదా, నాకు భయం పట్టుకుంది.

"అంకుల్, ఆ కోటు ఆయన మీద ప్రార్థన కొంచెం ఆపితే బాగుంటుందేమో," అన్నాను.

"ఎందుకమ్మా?"

"ఆయన మారాడండీ."

"స్తోత్రం! రక్షింపబడ్డాడా?"

"అంటే... పిండి కలుపుతున్నాడు."

"పిండి కలపడం మారుమనస్సుకి గుర్తని ఎక్కడుందమ్మా?" అన్నారు సన్నీవేల్ సిస్టర్. "వాడు లోపలికి దూరడానికి వేసిన ఎత్తు అది. ఆ మేరీ పిచ్చిది. ఆమెకి చెప్పు, బాప్తిస్మం పొందినవాడేనా, ఏ సంఘంలో సహవాసం చేస్తున్నాడు, అన్నీ కనుక్కోమని. అమెరికా అయినా అడగాల్సినవి అడగాలి."

ఇంకో రోజు మరీ ఘోరం. నేను చూస్తున్నది వేరే సినిమా, అందులో కోటు అబ్బాయి భార్య చనిపోయినవాడు. నాకేమో రెండు కథలూ కలిసిపోయాయి. "ఆయన కూతురే స్వయంగా క్రిస్మస్ చెట్టుకి నక్షత్రం కట్టిందండీ," అని ఆనందంగా చెప్పాను.

"కూతురా?" అని ఒకేసారి నలుగురు మ్యూట్ తీశారు. "మొన్న పెళ్ళి కాలేదన్నావు కదమ్మా!"

"అన్న కూతురండీ," అన్నాను చెమటలు తుడుచుకుంటూ. "కూతురులాంటిది."

"నేను మొదటినుంచీ చెబుతూనే ఉన్నాను, ఆ కోటువాడు మంచివాడు కాదని," అన్నారు సన్నీవేల్ సిస్టర్, తృప్తిగా.

ఇంతవరకూ అయితే నవ్వుకుని వదిలేయొచ్చు. డిసెంబరు మొదటి వారంలో గార్డు అంకుల్, మేరీ సిస్టర్ కోసం క్రిస్మస్ దాకా ప్రతి శుక్రవారం ఉపవాస ప్రార్థన అని ప్రకటించారు. అంతటితో ఆగలేదు. క్రిస్మస్‌కి తను కొడుకుతో కలిసి చాండ్లర్ వస్తున్నాననీ, మా క్రిస్మస్ కూడికలో మేరీ సిస్టర్ నిలబడి సాక్ష్యం చెప్పాలనీ, ఆమెని తీసుకొచ్చే బాధ్యత నాదనీ అన్నారు. "ఆ బేకరీ కేకు నా చేత్తో తిని గాని తిరుగు బండి ఎక్కను," అన్నారు.

నేను మా సంఘంలో సండే స్కూల్ చెప్పేదాన్ని. ఆ ఆదివారం పాఠం, కావాలని ఏర్పాటు చేసినట్టు, అపొస్తలుని ముందు అబద్ధమాడి పడి ప్రాణం విడిచిన భార్యాభర్తలది. ఎలాగో గడగడా చెప్పేశాను. అక్కడే పుట్టి పెరిగిన ఆరేళ్ళ పిల్ల ఒకతి చెయ్యి ఎత్తింది. "టీచర్, ఒక్క లై చెప్తేనే డెడ్ అయిపోయాడా? వార్నింగ్ ఇవ్వలేదా?"

"ఒక్కోసారి ఇస్తాడమ్మా," అన్నాను. ఆ పిల్లలందరూ కలిసి మేరీ ఆంటీకి ఒక కార్డు చేసిపెట్టారు. కేకుబొమ్మ వేసి, కింద వంకర తెలుగులో 'ఏడవొద్దు' అని రాశారు. దాన్ని ఎవరికి ఇవ్వను? ఇంటికి తెచ్చి టీవీ మీది శాలువా కింద దాచాను.

ఆ వచ్చిన శుక్రవారం మూడింటికల్లా ఇంటికి వచ్చేశాను (ఆఫీసులో తప్పులు పట్టడానికి ప్రోగ్రాములే మిగల్లేదు). ఆ రోజు బడి ఒంటిపూటే కావడంతో పెద్దాంటీ ఇంట్లోనే ఉంది, క్రిస్మస్‌కని గులాబీలు చేస్తోంది. పువ్వు అచ్చుని పిండిలో ముంచి నూనెలో పెడితే పూవులా విచ్చుకునే పిండివంట అది. నేను లోపలికి వచ్చేసరికి అచ్చు నూనెలోనే ఉంది, గులాబీ నల్లగా మాడిపోతోంది, పెద్దాంటీ రెండు చేతులతో గట్టు పట్టుకుని కళ్ళు మూసుకుని నిలబడి ఉంది. ముఖమంతా చెమట.

"ఆంటీ! ఏమైంది?"

"ఏం లే బిడ్డా. జర కండ్లు తిరిగినయ్."

పొయ్యి ఆర్పి, కుర్చీలో కూర్చోబెట్టి, ఫ్రిజ్‌లోంచి నారింజ రసం తీసి నోటి దగ్గర పెట్టాను. ఆవిడ మొహం పక్కకి తిప్పుకుంది. "వద్దు. పొద్దుమూకేదాక ఉపాసం. దేవునికి మాటిచ్చిన. ఆ పిల్ల బేకరీ నిలవడాలె."

నా అబద్ధం నా కళ్ళముందే కుర్చీలో కూర్చుని వణుకుతోంది. పొద్దుట మాత్ర వేసుకుని, మధ్యాహ్నం తినకుండా, లేని పిల్ల కోసం లేని బేకరీ కోసం. "తాగండాంటీ, మీ కాళ్ళు పట్టుకుంటాను, తాగండి," అని నేను భోరుమనేసరికి, నా ఏడుపు చూడలేక గ్లాసు అందుకుంది. సగం తాగాక ముఖంలోకి రంగు వచ్చింది.

"ఆంటీ," అన్నాను, "ఆ మేరీ అనే అమ్మాయి..."

ఆవిడ నా నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. "నాకు తెల్సు. నువ్వేం చెప్పకు. నీకు చెప్పాలె అనిపించిన్నాడు చెప్దువు."

ఏం తెలుసో నాకు అర్థం కాలేదు. టీవీ సంగతి కనిపెట్టేసిందనుకుంటే, మరి ఈ ఉపవాసం ఎందుకు? నేను చెప్తే ఆ ఇంట్లో నా గది ఉంటుందో ఊడుతుందో, సండే స్కూల్ ఉంటుందో ఊడుతుందో, ఊళ్ళో నాన్న తల ఎత్తుకుంటారో లేదో. చెప్పకపోతే వచ్చే శుక్రవారం ఆవిడ మళ్ళీ తినదు. ఇక ఆలోచించడానికి ఏముంది?

ఏడింటికి లైన్లోకి ఎక్కాను. టీవీ ఆపేశాను, శాలువా కప్పాను. గార్డు అంకుల్ "బయలుదేరుతున్నాం" అనగానే నక్షత్రం ఆరు నొక్కాను, ఈసారి నోరు తెరవడానికి.

"అంకుల్, ఒక్క నిమిషం. మేరీ క్రిస్టఫర్ లేదు."

"ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయిందా అమ్మా?" అన్నారు ఆయన కంగారుగా.

"లేదండీ. అసలు ఎప్పుడూ లేదు. ఆమె టీవీలో సినిమా. నేను సినిమా చూస్తూ ఏడ్చాను. మీరు అడిగితే చెప్పడానికి సిగ్గేసి అబద్ధం చెప్పాను. బేకరీ లేదు, కోటు ఆయన లేడు, అన్న కూతురు లేదు. పేరు కూడా బేకరీ అద్దం మీద ఉన్న మెర్రీ క్రిస్మస్ చూసి చెప్పాను. మీ అందరినీ, దేవుణ్ణీ మోసం చేశాను. నన్ను క్షమించండి. దయచేసి ఎవరూ ఉపవాసం ఉండకండి."

నలభైమంది మ్యూట్‌లో ఉంటే ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో ఆ రోజు తెలిసింది.

ముందుగా సన్నీవేల్ సిస్టర్ తేరుకున్నారు. "అంటే నేను మూడు వారాలు టీవీలో మనిషి కారు టైర్ల గురించి ప్రార్థించానా?"

"అవునండీ."

గార్డు అంకుల్ గొంతు సవరించుకున్నారు. "ముప్పై ఆరేళ్ళ సర్వీసులో," అన్నారు, "ఖాళీ బండికి జెండా ఊపడం నాకు ఇదే మొదటిసారమ్మా." ఆయన కోప్పడి ఉంటే బాగుండేది. గొంతులో కోపం లేదు, నొచ్చుకున్నట్టుంది. నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది.

అప్పుడు నా గది తలుపు తెరుచుకుంది. పెద్దాంటీ, చెవి దగ్గర ఫోన్, చేతికి పిండి. ఆవిడ మాట నాకు ఎదురుగానూ, ఫోన్‌లోనూ రెండుసార్లు వినిపించింది.

"సినిమానా? నేను నీ ముచ్చటే అనుకుంటి గదనే!"

"నా ముచ్చటేంటాంటీ?"

"'నాకు తెలిసిన ఒకమ్మాయి' అంటివి. ఈ ఇంట్ల నీకంటే ముందు ఆరుగురు ఆడపిల్లలు ఉండి పోయిండ్రు. అందరికీ ఒక తెలిసిన అమ్మాయి ఉండె. ఆ తెలిసిన అమ్మాయికే ప్రేమలు, ఆ తెలిసిన అమ్మాయికే పరీక్షలు పోవుడు. నాకు తెల్వదా? బేకరీ అంటే నీ ఆఫీసు అనుకున్న. క్రిస్మస్‌కు మూస్తున్రంటే నీ కొలువు పోతున్నదనుకున్న. నెల దినాల సంది డబ్బాల అన్నం సగం మళ్ళ తెస్తున్నవ్. మూడు గొట్టంగనే ఇంటికొచ్చి, మీ నాయనతోని ఫోన్ల మస్తు పనుందంటున్నవ్. నేను ఎవరో తెల్లపిల్ల కోసం ఉపాసం ఉన్ననా? నీ కోసం ఉన్న."

పూర్వం ఒక ప్రవక్త రాజు దగ్గరికి వెళ్ళి ఎవరిదో గొర్రెపిల్ల కథ చెప్పి, ఆఖర్న ఆ మనిషివి నీవేనని తేల్చినట్టు అయింది నా పని. కాకపోతే ఇక్కడ కథ చెప్పిందీ నేనే, ఆ మనిషినీ నేనే, మధ్యలో నాకే తెలియలేదు. ఆ రోజు మంచులో తాళం వేసుకుని కూర్చున్న పిల్లని చూసి నేను ఎందుకంత ఏడ్చానో అప్పుడు అర్థమైంది.

"నిజమేనాంటీ," అన్నాను. "మూసేస్తున్నారు. ఆఖరి రోజు వచ్చే వారమే. నాన్నకి కూడా చెప్పలేదు."

పెద్దాంటీ పిండి చేతులతోనే నన్ను పట్టుకుంది. ఫోన్‌లో గార్డు అంకుల్ పుస్తకం పేజీ తిప్పిన చప్పుడు. "మేరీ క్రిస్టఫర్, రద్దు," అని కొట్టేశారు. "ఆ బెర్తులో చాండ్లర్ అమ్మాయి. అమ్మా, ఇన్నాళ్ళూ స్తుతులు మాత్రమే అన్నావే, టికెట్ లేకుండా ఇంతదూరం ఎలా ప్రయాణం చేశావు తల్లీ?" ఆ తరవాత ఆయన ప్రార్థించిన మాటలు ఇక్కడ రాయను, అవి నావి. సన్నీవేల్ సిస్టర్ కూడా ప్రార్థించారు. ఫోన్ వేడెక్కింది. ఆమేన్ అన్నాక, ఆవిడే చిన్న గొంతుతో అడిగారు: "అది సరేనమ్మా, ఇంతకీ హోటల్ కట్టారా, లేదా?"

"లేదండీ. కోటు ఆయన కంపెనీ వదిలేశాడు. ఇద్దరూ కలిసి బేకరీ నడుపుతారు."

"స్తోత్రం," అన్నారు సిస్టర్. లైన్లో నలుగురైదుగురు మ్యూట్ తీసి మరీ స్తోత్రం అన్నారు. ఎవరెవరో నేను పోల్చుకున్నాను గానీ చెప్పను.

ఆ ఆదివారం సండే స్కూల్లో పిల్లల ముందు నిలబడి, నేను అబద్ధం చెప్పానని నా నోటితోనే చెప్పాను. మా పాస్టరుగారు వేసిన శిక్ష అదొక్కటే. ఆ ఆరేళ్ళ పిల్ల నన్ను పైనుంచి కిందిదాకా చూసి, "టీచర్, బట్ యూ ఆర్ స్టిల్ అలైవ్!" అంది, కాస్త నిరాశగా. వాళ్ళ కార్డు వాళ్ళకి తిరిగి ఇవ్వబోతే తీసుకోలేదు. "యూ కీప్ ఇట్ టీచర్, మీరే ఏడుస్తున్నారు కదా" అన్నారు. క్రిస్మస్ కూడికకి గార్డు అంకుల్ నిజంగానే వచ్చారు. మాట నిలబెట్టుకోవాలని నేనే ఒక కేకు చేశాను. అడుగు మాడింది, మధ్య ఉడకలేదు. అంకుల్ ఒక ముక్క నోట్లో పెట్టుకుని, చాలాసేపు నమిలి, "ఈ బేకరీ మూతపడటమే దేవుని చిత్తమేమో అమ్మా" అన్నారు. సాక్ష్యం మేరీ బదులు నేనే చెప్పాను. ఆ సాక్ష్యం విన్నవాళ్ళలో గార్డు అంకుల్ కొడుకు ఉన్నాడు. అతను పనిచేసే కంపెనీకి చాండ్లర్‌లోనూ ఒక ఆఫీసు ఉంది. జనవరి మూడోవారానికల్లా ఆ ఆఫీసులో కూర్చుని మళ్ళీ ఇతరుల ప్రోగ్రాముల్లో తప్పులు పడుతున్నాను. నాన్నకి ఫోన్ చేసి మొదటినుంచీ అంతా చెప్తే, ఆయన ముందు దేవునికి స్తోత్రం చెప్పారు. తరవాత, "సినిమా బాగుందా?" అని మెల్లిగా అడిగారు. వెనకనుంచి నాయనమ్మ, "వార్తలేనా?" అంటోంది.

పెద్దాంటీకి మాత్రం ఒక బెంగ మిగిలిపోయింది. నెల తరవాత కూడా గులాబీలు డబ్బాలో సర్దుతూ అడిగింది: "ఆఫీసు సంగతి సరే. ఆ కోటు పిల్లగాడన్నా నిజమేనా?" "లేదాంటీ, అతను పూర్తిగా టీవీలోవాడే" అంటే, "అయ్యో, వాని కోసం గూడ మస్తు ప్రార్థన చేస్తి గదనే" అని నిట్టూర్చింది. ఆ ప్రార్థన కూడా ఊరికే పోలేదు. మూడేళ్ళ తరవాత నాకు పెళ్ళయింది. ఆయనకి పొడుగు కోటు లేదు (చాండ్లర్‌లో కోటు వేసుకుంటే ఆస్పత్రికి తీసుకెళ్తారు). పిండి కలపడం మాత్రం వచ్చు, చపాతీలకి.

ఇప్పుడు మా ఇంట్లో టీవీకి శాలువా లేదు. ప్రతి డిసెంబరులోనూ నేను సౌండ్ పెట్టుకునే ఆ సినిమాలు చూస్తాను, తాళం వేసే దగ్గర ఇప్పటికీ ఏడుస్తాను. మా ఆయన వంటగదిలోంచి "ఈసారి ఏ బేకరీ?" అని అడుగుతారు. అప్పుడు ఆ గదిలో చీకట్లో కూర్చుని, టీవీని మ్యూట్ చేసి, తనని తాను మ్యూట్ చేసుకుని, ఫోన్‌ని మాత్రం మరిచిపోయిన ఆ ఇరవై నాలుగేళ్ళ పిల్ల గుర్తుకొస్తుంది. పక్కన కూర్చుని తల నిమరాలనిపిస్తుంది. 'పిచ్చిపిల్లా, ఆ ఒక్క మతిమరుపే నిన్ను కాపాడింది' అని చెప్పాలనిపిస్తుంది.

నాతోపాటు ఒక్క నిమిషం ప్రార్థించండి. పెద్దాంటీకి వచ్చే నెల కంటి ఆపరేషన్ ఉంది. ఆవిడ చూపు కోసం ప్రార్థించండి, అందరికంటే ముందు నన్ను చూసినవి ఆ కళ్ళే. గార్డు అంకుల్ ఆఖరి స్టేషన్ చేరుకున్నారు, ఆయన కుటుంబానికి ఆదరణ కోసం ప్రార్థించండి. "ఏం లేదండీ, స్తుతులు మాత్రమే" అంటున్న పిల్లలు మీ లైన్లోనూ ఉంటారు, వాళ్ళ కోసం ప్రార్థించండి. చివర్లో వీలుంటే మేరీ క్రిస్టఫర్‌ని కూడా ఒక్క మాట తలచుకోండి. ఆమె లేదని నాకు తెలుసు. మీకు తెలిసిన అమ్మాయి ఎవరైనా ఉంటే ఆమెకి చెందుతుంది.

ఇక మ్యూట్ తీసి, గట్టిగా ఆమేన్ అనండి.